కన్నులు మూసికొని చూడవలసిన చిత్రము

చలనచిత్రమనగా కన్నులకు విందు. రంగులు, రూపములు, కొండలు, కోనలు, నగలు, చీరలు, నాట్యములు, ఇవి చూచుటకే గదా దీపములార్పి తెర యెదుట కూర్చుందుము! అట్టి తెరమీద, కథ సగము నడచిన పిమ్మట, ఇక కన్నులు మూసికొనుడను వ్రాత కనబడినచో మనమేమనుకొందుము? కొందఱు నవ్వుదురు. కొందఱు, రుసుము చెల్లించి నిద్రపోవుటకా వచ్చితిమని విసుగుకొందురు. నేనును మొదట నవ్వినదాననే. కాని యా వ్రాతను మన్నించి కన్నులు మూసికొన్న పదునైదు నిమిషములలో నాకు కలిగిన యనుభవము, నాలుగేండ్లుగా నా మనస్సున ముల్లువలె నున్న యొక సంగతిని కదలించి పైకి దీసెను. అందుచేత నా చిత్రమును గుఱించి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

ఆ చిత్రము పేరు 'సంసార'. 1950లో మన తెలుగున వచ్చిన 'సంసారం' కాదు. ఇది 2023లో వెలువడినది. దీనిని రూపొందించిన దర్శకుడు లోయిస్ పతిన్యో. ఆయన స్పెయిను దేశపు వాయవ్యమూలనున్న గలీసియా ప్రాంతమువాడు, విగో నగరమున 1983లో జన్మించెను, తల్లిదండ్రులిరువురును వర్ణచిత్రకారులు. ఆయన సీమలో సముద్రతీరమున కొంతభాగమునకు 'మృత్యుతీరము' అని పేరు. ఓడలు పగిలి యెందఱో నావికులు మడిసిన చోటది. ఆ తీరమును గుఱించియే 2013లో ఆయన యొక చిత్రము తీసెను. చావును, సముద్రమును ఓపికతో చూచుట ఆయనకు క్రొత్తగాదని దీనినిబట్టి తెలియుచున్నది. 'సంసార' 2023లో బెర్లిను చిత్రోత్సవమున, క్రొత్తత్రోవలు త్రొక్కు చిత్రములకై యేర్పఱచిన విభాగమున ప్రదర్శింపబడి, న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమానము నందెను.

ఈ పేరే నన్ను ముందుగా నాకర్షించినది. మన యిండ్లలో సంసారమనగా పొయ్యి, పిల్లలు, పాలవాని లెక్క. సంసారియనిన మర్యాదగల గృహిణి. సంస్కృతమున దీని మూలార్థము వేఱు: ఎడతెగక సాగిపోవుట, ఒక జన్మమునుండి మఱియొక జన్మమునకు జీవుడు చేయు తిరుగుడు. పెద్దలు దాటుమన్న సంసారమును, మనలను దిద్దుకొమ్మన్న సంసారమును ఒకే మాటలో నిమిడియున్నవి. ఈ చిత్రమున నా రెండర్థములును గలవు.

మా మఱిది బెంగుళూరున నుద్యోగము చేయుచున్నాడు. మొన్నటి సెలవులకు వచ్చినపుడు, రాత్రి భోజనములైన పిమ్మట తన కంప్యూటరును బల్లమీద నుంచి, "వదినా! ఇది థియేటరులో చిమ్మచీకటిలో చూడవలసిన చిత్రము. మన యూర నా వసతి లేదు గనుక దీపములన్నియు నార్పి, కిటికీలు మూసి చూతము" అనెను. మావారును పరీక్షకాగితముల కట్టను ప్రక్కకు నెట్టి వచ్చి కూర్చుండిరి.

కథ లావోస్ దేశమున నారంభమగును. ఆ దేశమునకు సముద్రము లేదు. మెకాంగు మహానది యున్నది. ఆ నదితో నాంఖాను అను చిన్నయేఱు కలియుచోట, బౌద్ధవిహారములతో నిండిన లువాంగ్ ప్రబాంగ్ అను ప్రాచీన రాజధాని గలదు. 1995లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. అచట బాలురు పలువురు కాషాయము ధరించి విహారములలో చేరి చదువుకొందురు. తెల్లవాఱుజామున భిక్షాపాత్రలతో బారులుతీరి వీధులవెంట నడతురు. ఇల్లాండ్రు వీధిప్రక్క కూర్చుండి ఆ పాత్రలలో కొంచెము కొంచెముగ అన్నము వేయుదురు. చిత్రమున నీ బాలభిక్షువులు పాఠములు వల్లింతురు, జలపాతము చూడబోవుదురు, పగటివేళ ఆదమఱచి నిద్రింతురు. వీరిలో పేరుమోసిన నటులెవ్వరును లేరు, సామాన్యజనులే.

అమిద్ అను పడుచువాడు ప్రతిదినమును పడవలో నదిదాటి, మోన్ అను ముదుసలి యింటికి బోవును. ఆమె యవసానదశలో నున్నది. ఏడుపులు లేవు; వైద్యుల హడావుడి లేదు. అతడు ఆమె ప్రక్కన కూర్చుండి యొక గ్రంథము చదువును, ఆమె వినును. అంతియే. ఇంత చిన్నపనిని కెమెరా యెంతో యోపికతో చూచుచుండును.

ఆ గ్రంథము 'బార్దో థోదోల్'. ఇది టిబెట్టు బౌద్ధులది. బార్దో యనగా నడిమిస్థితి, అనగా ఒక జన్మము ముగిసి మఱియొకటి మొదలగులోపలి యెడము. థోదోల్ అనగా వినుటచే విముక్తి. ఎనిమిదవ శతాబ్దిని టిబెట్టునకు బోయిన పద్మసంభవాచార్యుడు దీనిని చెప్పి దాచియుంచెననియు, పదునాలుగవ శతాబ్దిని కర్మలింగప యనునాతడు వెలికిదీసెననియు వారి సంప్రదాయము. 1927లో నాంగ్లమున వెలువడి, 'మృతుల గ్రంథము' అను పేర లోకమున ప్రసిద్ధమైనది. దీనిని మరణించుచున్నవాని చెంతను, మరణించిన పిమ్మట నలువదితొమ్మిది దినములవఱకును చదువుదురు. ప్రాణము పోవువేళ నిర్మలమైన తేజమొకటి గోచరించుననియు, దానిని తన స్వరూపముగా గుర్తుపట్టినవాడు అప్పుడే ముక్తుడగుననియు నందు చెప్పబడినది. గుర్తింపలేనివానికి పిమ్మట శాంతమూర్తులు, ఆపై ఘోరమూర్తులు కనబడుదురట. అప్పుడు గ్రంథము మరల మరల నచ్చజెప్పునదొక్కటే: ఇవి యన్నియు నీ మనస్సునుండి పుట్టినవే, భయపడవలదు.

ఇది వినుచుండగా మన యిండ్లలోని గరుడపురాణము నాకు జ్ఞాపకము వచ్చినది. అదియు మరణానంతరయాత్రనే చెప్పును. వైతరణీనదిని, యమపురికి బోవు దారిలోని పదునాఱు పురములను గుఱించి చిన్ననాట విని, నిద్రపట్టక మా యమ్మ కొంగు పట్టుకొని పండుకొన్నదానను. కాని యొక భేదము చూడుడు. గరుడపురాణమును చావు జరిగిన యింట బ్రతికియున్నవారు విందురు. మనకు భయము చెప్పి ధర్మమున నిలుపుట దాని పని. బార్దో గ్రంథము పోవువానికే చెప్పబడును. వాని భయము తీర్చుట దాని పని. మన వాఙ్మయమున దీనికి సరియైన పోలిక పరీక్షిత్తు కథ. ఏడుదినములలో మృత్యువని తెలిసిన యా రాజు గంగయొడ్డున కూర్చుండి శుకుని నోట భాగవతము వినెను. మందు కోరలేదు, గడువు కోరలేదు, వినుటయే కోరెను. భాగవతమంతయు నిట్లు మరణించుచున్నవాని చెవిని వేసిన కథయే యని, ఇన్నేండ్లు చదివియు నేను తలపోయనైతిని. లావోసునందలి యొక ముసలమ్మ యా సంగతిని నాకు చూపినది.

ఇచట నొక మాట. లావోసువారి బౌద్ధము థేరవాదము. మరణమునకును పునర్జన్మమునకును నడుమ నొక స్థితి కలదనుటను థేరవాదశాస్త్రము లంగీకరింపవు. కావున నా యూర టిబెట్టు గ్రంథమును చదివించుట దర్శకుడు కూర్చిన కల్పనయేకాని యచటివారి పరంపరాచారము కాదు. చిత్రమును చూచి లావోసు ప్రజల మరణాచారము లివియే యని యనుకొనరాదని నా మనవి.

మోన్ మరణించును. అప్పుడు తెరమీద నేను ముందు చెప్పిన వ్రాత కనబడును. ఆమె వెంట మనమును బార్దోలో ప్రయాణము చేయవలెను, అందుకు కన్నులు మూసికొనవలెను. మరల తెఱవవలసిన వేళను ధ్వనియే తెలుపును.

కన్నులు మూసిన నేమి కనబడును? చీకటియే యని మనమందుము. కాని కనుఱెప్పలు పలుచని చర్మము. వెలుతురు వానిగుండ లోనికి చొచ్చును. అందలి రక్తమును దాటి వచ్చుటచే నెఱుపుగా నగపడును. మిట్టమధ్యాహ్నమున వడియాలు పెట్టి, యెండలో క్షణము కన్నులు మూసినవారికెల్ల నిది యనుభవమే. దర్శకుడు దీనినే వాడుకొనెను. తెరమీద రంగురంగుల కాంతులు వెలుగుచు, ఆఱుచు, మాఱుచునుండును; అవి మన ఱెప్పల లోపల నొకమారు ఉదయకాంతివలెను, ఒకమారు పొగమంచువలెను తోచును. దానితోబాటు ధ్వనులు. నీరువలె నొకసారి, గాలివలె నొకసారి, దూరమున జనులు మాటలాడినట్లొకసారి వినబడును. ఏది యేదియో పోల్చుకొనలేము.

పరలోకమును చూపదలచిన మఱియొకరైనచో కిరీటములు, కోఱలు, పొగలు పెట్టి గొప్ప హంగు కట్టియుందురు. మన పౌరాణిక చిత్రములలోని యమసభలను మనమెఱుగుదుము. ఈయన యొక్క బొమ్మనైనను చూపలేదు. ఎవ్వరును చూచి వచ్చి చెప్పని దానిని చూపుటకంటె, చూపును మూయించుటయే సత్యమునకు దగ్గఱయని యెంచినట్లున్నది. తెరను వదలుకొనుట యితనితోనే మొదలుకాదు. డెరెక్ జార్మన్ అను నాంగ్లేయ దర్శకుడు ఎయిడ్స్ వ్యాధిచే కనుచూపు కోలుపోవుచు, 1993లో 'బ్లూ' అను చిత్రము తీసెను. అందు తెరమీద మొదటినుండి తుదివఱకు నీలిరంగు తప్ప మఱేమియు నుండదు. గొంతులు మాత్రమే వినబడును. మఱుసటియేడే ఆయన మరణించెను. చావునకు దగ్గఱగా బోయినవారికి కన్నుకంటె చెవియే నమ్మదగినదిగా దోచును గాబోలు.

ఆ పదునైదు నిమిషములలో నేను చూచినది మా యత్తగారిని.

నాలుగేండ్లక్రింద ఆమె మూడునెలలు మంచము పట్టిరి. సాయంకాలము దీపము పెట్టిన తరువాత, "అమ్మాయీ, పుస్తకము తెచ్చుకో" అనెడివారు. నేను భాగవతమునుండి గజేంద్రమోక్షము చదివెడిదానను. నా నోట పద్యము తడబడినచో కన్నులు మూసికొనియే దిద్దెడివారు. కడపటి దినమున మాట పడిపోయెను, కన్నులు తెఱవలేదు. ఇల్లు బంధువులతో నిండెను. అలవాటుచొప్పున పుస్తకము తెచ్చి కొన్ని పద్యములు చదివితినో లేదో, పెద్దలలో నొకరు, "ఆమె కింక వినబడదు, ఎందుకమ్మా యీ శ్రమ? వచ్చినవారికి కాఫీ సంగతి చూడు" అనిరి. అందఱియెదుట మాఱుమాట చెప్పజాలక పుస్తకము మూసి వంటయింటికి పోతిని. గజేంద్రుడు మొసలినోట చిక్కి యుండగనే కథ యాగిపోయెను. తెల్లవాఱకమునుపే ఆమె పోయిరి. పదిదినములును కర్మలన్నియు యథావిధిగా జరిగినవి, పురాణము చెప్పించితిమి, ఒక్క లోపమును లేదని యెల్లరు ననిరి. ఆ మూసిన పుస్తకము మాత్రము నా యొక్కతెకే తెలియును.

ధ్వని యాగినది. కన్నులు తెఱచితిని. ఎదుట సముద్రము!

ఇది ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున, టాంజానియా దేశమునకు చేరిన జాంజిబారు దీవి. ఒక యింట నప్పుడే యొక మేకపిల్ల పుట్టినది. ఒక చిన్న బాలిక దానిని ముద్దుచేయును, వెంట ద్రిప్పుకొనును. మోన్ యెచటికి పోయెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. బాలిక తల్లి తోడి స్త్రీలతో కూడి సముద్రమున నాచు పండించుటకు పోవును.

ఈ నాచుసేద్యమును గుఱించి తెలిసికొనదగినది గలదు. జాంజిబారున నిది 1980 దశకపు చివరిభాగమున నారంభమైనది. ఆటువేళ నీరు వెనుకకు పోగానే స్త్రీలు లోతులేని నీటిలోనికి దిగి, కొయ్యలు పాతి, వానినడుమ త్రాళ్లు లాగి, ఆ త్రాళ్లకు నాచుతునకలు కట్టుదురు. కొన్నివారములకు పెరిగినదానిని కోసి, యెండబెట్టి యమ్ముదురు. దానినుండి తీయు కారజీనను అను జిగురును టూత్‌పేస్టులలోను, ఐస్‌క్రీములలోను చిక్కదనమునకై వేయుదురు. అనగా మన యింటి టూత్‌పేస్టులో నెవరో ఒక జాంజిబారు సోదరి చేతిపని యుండవచ్చునన్నమాట! ఈ సేద్యము చేయువారిలో నధికసంఖ్యాకులు స్త్రీలే. తమ చేతి డబ్బు తాము చూచుకొనుట పలువురికి దీనిచేతనే కలిగినది. ఇటీవల సముద్రజలము వేడెక్కి, ఒడ్డుదగ్గఱ నాచు చచ్చుచున్నది. లోతునీటికి పోవలెనన్న, ఈత రానివారికి కష్టము.

దీవిలో బహుసంఖ్యాకులు మహమ్మదీయులు. ఇస్లాముమతము పునర్జన్మము నంగీకరింపదు. కావున ఆ మేకపిల్లలో నొక ముసలమ్మ జీవము గలదన్న తలంపు అచటివారికి కలుగుటకు వీలులేదు. అయినను దానికి జరుగవలసిన యాదరణ జరుగుచునే యున్నది. ఇదియే నన్ను మిక్కిలి కదలించిన చోటు. పూర్వజన్మబంధువని తెలిసి చేరదీయుట యేమంత గొప్ప? ఏమియు తెలియకయే, కేవలము పసిప్రాణమని చేరదీయుట గదా దయ!

మన కథలలో జంతుజన్మము తఱచుగా పతనము. గంగన తెనిగించిన భాగవత పంచమస్కంధమున, రాజ్యము విడిచి తపస్సునకు పోయిన భరతుడు జింకపిల్లను పెంచి, కడపట దానినే తలంచుచు దేహము విడిచి, జింకయై పుట్టెను. మమకారము కట్టివేయునని యా కథ హెచ్చరించును. ఈ చిత్రమున మేకజన్మము శిక్షవలె కనబడదు. ఉప్పుగాలి, తడి యిసుక, ఒక చిన్నచేతి వెచ్చదనము, అంతియే. ఏది సత్యమో నిర్ణయించుటకు నేను పండితురాలను గాను. చిత్రమును పునర్జన్మమును రుజువు చేయ బూనలేదు. కాని జన్మలు మాఱు సంసారమును, నాచు గట్టి పిల్లను పెంచుకొను తల్లి సంసారమును ఒకే వాకిట కలిసికొనుట నేనిచట చూచితిని.

చూడదలచినవారికి రెండు హెచ్చరికలు. వెలిగి యాఱుచుండు కాంతి కొందఱు మూర్ఛరోగులకు మూర్ఛ తెప్పించును. కన్నులు మూసినను ప్రమాదము పోదు. 1966లో టోనీ కాన్రాడ్ అను అమెరికా కళాకారుడు ఇట్టి కాంతులతోనే తీసిన 'ది ఫ్లికర్' అను చిత్రమునకు మొదటనే యీ హెచ్చరిక చేర్చియుండెను. కావున మూర్ఛవ్యాధి గలవా రీ చిత్రమునకు దూరముగ నుండుట మేలు. రెండవది, దీని నడక మిక్కిలి మెల్లన. రెండుగంటలకు కొంచెము తక్కువ. తొందరగలవారికి రుచింపదు. పరీక్షకాగితములు దిద్ది యలసిన మావారు ఆ పదునైదు నిమిషములలో నిజముగనే నిద్రించిరి. జాంజిబారు చేరిన వెనుక మేము లేపవలసివచ్చినది. "పునర్జన్మము సంపూర్ణముగా నైనది అన్నయ్యకే!" యని మా మఱిది పరిహసించెను.

మఱునాడు నా మనస్సులోని ముల్లును మావారితో చెప్పితిని. వారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట వెదకి యొక వ్యాసము చదివి వినిపించిరి. 2020లో కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, అంత్యదశలో స్పృహతప్పియున్న రోగులకు ధ్వనులు వినిపించి, మెదడునందలి విద్యుచ్చలనమును కొలిచిరి. వారిలో కొందఱి మెదడు, ఆరోగ్యవంతుల మెదడువలెనే ధ్వనిలోని మార్పులకు బదులు చెప్పెను. వినినదాని యర్థము వారికి తెలిసినదో లేదో యా పరీక్ష చెప్పజాలదు. కాని పలుకనివారిని చూచి, వీరికింక వినబడదని తీర్పు చెప్పుటకు మనకు హక్కు లేదని మాత్రము తేలినది.

నిజము చెప్పవలెనన్న, ఇది విని నా దుఃఖము తగ్గలేదు, పెరిగినది. ఆ సాయంకాలము దీపము పెట్టి, పుస్తకము తీసి, నాడు విడిచిన పద్యమునుండి చదివి కథ ముగించితిని. గజేంద్రుడు విడుదల పొందెను. నలువదితొమ్మిది దినములు గాదు, నాలుగేండ్లు దాటినది; ఎవరు వినిరో నేనెఱుగను. తల్లి పోయిననాడు సమయమునకు చేరలేకపోయిన మా మఱిది మాత్రము అరుగుమీద కదలక కూర్చుండి, తుదివఱకు వినెను.

సోదరీమణులారా! మన యిండ్లలో పోవువారి ప్రక్కన కూర్చుండు పని తఱచుగా మనదే. వచ్చినవారికి మర్యాదచేయు పనియు మనదే. ఈ రెండును ఒకేసారి వచ్చిపడినచో కాఫీ యెవరైనను కాచగలరు. ఆమె యెఱిగిన గొంతు మాత్రము మీదే. ఎవరేమనినను పుస్తకము మూయకుడు. పద్యము చదువలేనివారు చేయిపట్టుకొని, పిలిచెడి పిలుపుతోనే పిలిచి, నేనిచటనే యున్నానని చెప్పినను చాలును.